కుడివైపు మచ్చ

నైజీరియాలో సైన్సు చెప్పడానికి నాకు ఉద్యోగం వచ్చినప్పుడు, చిత్తూరులో మా వీధి మొత్తానికీ ఆ దేశం ఎక్కడుందో తెలిసింది నాకొక్కదానికే. ఉత్తర్వు వెంట వైద్య పరీక్షల కాగితం కూడా వచ్చింది. రక్తం, మూత్రం, కళ్లు, చెవులు, చివరికి ఛాతీ ఎక్స్‌రే. అన్నీ బాగున్నాయని డాక్టరు సంతకం పెడితేనే వీసా. చదివి నవ్వుకున్నాను. రోజూ బస్సులో పూతలపట్టు హైస్కూలుకు పోయి, అరవైమంది పిల్లల గోల మీద గొంతు పెట్టి పాఠం చెప్పి వచ్చేదాన్ని. జలుబుకు కూడా సెలవు పెట్టిన మనిషిని కాను. నాకేం రోగం?

దిగులంతా మా అత్తకే. తిరుపతి ఆస్పత్రిలో ఎక్స్‌రే తీసే రోజు మెడలో బంగారం, ఇనుము ఏదీ ఉండకూడదన్నారు. అంటే తాళి తీసి పెట్టాలి.

“మొగుడు నిక్షేపంగా ఉండంగా మెడ బోసిగా పెట్టుకుంటారామే?” అంది.

“పది నిమిషాలే అత్తా.”

“పది నిమిషాలైతే మాత్రం?”

దారానికి పసుపు రాసింది. డబ్బాలోంచి ఏరి ఏరి లావుపాటి పసుపుకొమ్ము తీసి దానికి కట్టింది. మా ఆయన్ని పిలిచి నా మెడలో ముడి వేయించాకే తాళి తీయనిచ్చింది. పసుపుకొమ్ము ఇనుమూ కాదు, బంగారమూ కాదు కదా అని నేనూ ఊరుకున్నాను. పదో తరగతి పిల్లలకు ఎక్స్‌కిరణాల పాఠం బొమ్మ వేసి మరీ చెప్పేదాన్ని. ఆ తెలివంతా ఆ రోజు ఏ గంగలో కలిసిందో! లోపలికి పోయి, ఆస్పత్రి వాళ్లిచ్చిన అంగీ తొడుక్కుని, కొమ్మును దాని లోపల ఒక పక్కకు తోసి, ఊపిరి బిగబట్టమంటే బిగబట్టి, వదలమంటే వదిలి వచ్చేశాను.

ఇంటికి రాగానే తాళి మళ్లీ మెడలో పడింది. కొమ్మును మాత్రం శుక్రవారం దాకా తీయవద్దంది అత్త. సరేనన్నాను.

మూడో రోజు తిరుపతికి పోతే డాక్టరు ఫిల్మును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు.

“కుడి ఊపిరితిత్తిలో మచ్చ ఉండాదమ్మా. టీబీ కాదని ఇప్పుడే చెప్పలేను. ఆరు నెలలు మందులు వాడినాక చూద్దాం. అప్పటిదాకా సంతకం పెట్టేదానికి లేదు.”

అక్కడ బడి తెరిచేది మరుసటి నెలలో. ఆరు నెలలంటే ఆ ఉద్యోగం ఇంకొకరిది. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. దగ్గూ లేక, జ్వరమూ లేక, మచ్చ ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకో డాక్టరుకు చూపించుకుంటానని పోట్లాడి ఫిల్మును ఇంటికి తెచ్చుకున్నాను.

సంగతి వినగానే అత్త నెత్తి కొట్టుకుంది. “నేను సెప్పలా? తాళి తీసినందుకే ఇది. ఇంక ఆ గదిలోకి పోవద్దు. తిరుచానూరు అమ్మకు మొక్కుకుంటా.”

ఫిల్మును వంటింటి కిటికీకి ఆనించి నిలబడ్డాను. వరసగా పక్కటెముకలు, వాటి మీద ఆ మచ్చ. మచ్చలాగా గుండ్రంగా లేదు. పొడుగ్గా, ఒక కొసన కాస్త వంకరగా, పక్కన చిన్న పిలకతో ఉంది. దాన్ని ఎక్కడో చూశాను. ఎక్కడో ఏమిటి, నా మెడలోనే ఉంది! జాకెట్టులోంచి దారం పైకి లాగి కొమ్మును ఫిల్ము మీద పెట్టాను. వంకరకు వంకర, పిలకకు పిలక సరిపోయింది. సంతోషంతో అరిచినంత పని చేశాను.

“అత్తా, ఇట్లా రా! నా టీబీని సూడు.”

అత్త దగ్గరికి వచ్చి కొమ్మును తీసి చూసింది, మళ్లీ పెట్టి చూసింది. ముఖం పాలిపోయింది. పాపం, ఆమెను చూస్తే నా కోపమంతా కరిగిపోయింది.

“ఏరి ఇచ్చింది నేనే కదమే,” అంది మెల్లగా.

“మళ్లా తీయించుకోవాల. ఈసారి మెడలో నూలుపోగు కూడా ఉండకూడదు,” అన్నాను. అత్త లోపలికి పోయి పడుకుంది. ఆమె కాదంటే మా ఆయన నోరు తెరవడు. ఆమె మాట దాటి నేను ఒంటరిగా పోగలను గానీ, పోవాలనిపించలేదు.

పొద్దున్నే చూస్తే తలకు పోసుకుని, పట్టుచీర కట్టుకుని గడపలో నిలబడి ఉంది. “పదమే, బస్సు పోతాది.”

ఎక్స్‌రే గది వాకిట్లో నా తాళినీ కొమ్మునూ తన చేత్తోనే తీసింది. రెండింటినీ కుడి పిడికిట్లో బిగించింది. “నా సేతిలో ఉంటే నీ మెడలో ఉన్నట్టే. పోయిరా,” అంది.

లోపల మనిషి ఊపిరి బిగబట్టమని గట్టిగా అరిచాడు, కాసేపాగి వదలమన్నాడు. బయటికి వచ్చేసరికి అత్త గోడకు ఆనుకుని, బుగ్గలు ఉబ్బించి, ఎర్రగా కందిన ముఖంతో నిలబడి ఉంది. బిగబట్టమన్న మాట విన్నది గానీ వదలమన్నది వినలేదు.

“వదులత్తా, అయిపోయింది,” అన్నాను.

ఊపిరైతే వదిలింది. పిడికిలి మాత్రం, బతిమాలుకుంటే ఆ సాయంత్రమే ఫిల్ము చూసి, శుభ్రంగా ఉందని డాక్టరు సంతకం పెట్టిందాకా విప్పలేదు. విప్పితే అరచెయ్యంతా పసుపు.