భయాన్ని పేరు పెట్టి పిలిచిన మామ

పోయిన నెల ఒక మంగళవారం మధ్యాహ్నం, ఎనిమిదో తరగతి పిల్లలకు సంధులు చెబుతుంటే మా ఆయన ఫోన్ చేశాడు. బడి వేళలో ఎప్పుడూ చేయడు. వరండాలోకి వచ్చి ఎత్తాను. "నాయన పోయినాడు," అన్నాడు. సంగటి తిని, రోజూ లాగే మంచం మీద ఒరిగి, మళ్లీ లేవలేదట. నా గుండె దడదడ కొట్టుకుంది. అరచేతులు చల్లబడ్డాయి. గోడ పట్టుకుని నిలబడి, ఇది భయం కాదు, దుఃఖం అని గుర్తుపట్టాను. పక్క తరగతి టీచరుకు పిల్లల్ని అప్పగించి, చిత్తూరు బస్టాండులో మా ఊరి బస్సెక్కాను. భయానికీ దుఃఖానికీ ఉన్న తేడా నాకు తెలియజేసిన మనిషి మా మామే. ఆయన గురించి నాలుగు మాటలు మీతో చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

మాది బంగారుపాళ్యం పక్కన చిన్న పల్లె. మా మామ లారీ డ్రైవరు. సీజన్లో మామిడి కాయలు, మిగతా రోజుల్లో పలమనేరు నుంచి టమాట లోడు తోలేవాడు. నేను కోడలిగా వచ్చేనాటికే ఆయన లారీ వదిలేసి చాలా ఏళ్లయింది. రెండెకరాల మామిడి తోట చూసుకునేవాడు. కంటిచూపు తగ్గిందని స్టీరింగు వదిలేశాడని ఇంట్లో చెప్పారు. అలాంటాయన చెట్టు చివర కొమ్మలో ఉన్న కాయకు మచ్చ పడిందని కిందనుంచే చెప్పేవాడు. నేనెప్పుడూ ఆ సంగతి గురించి ఆలోచించలేదు.

ఆయనకు కొన్ని అలవాట్లుండేవి. రోడ్డు పక్కన ఎవరి లారీ ఆగి ఉన్నా, చేతికర్రతో టైర్లన్నీ తట్టి చప్పుడు వినకుండా ముందుకు పోయేవాడు కాదు. బస్సులో ఎప్పుడూ తలుపు పక్క సీటే. తువ్వాలు నాలుగు మడతలు పెట్టి దాని మీద కూర్చునేవాడు. నలుగురిలో నన్ను "టీచరమ్మా" అని ఎగతాళిగా పిలిచేవాడు. ముఖ్యమైన మాట చెప్పాల్సి వస్తే మాత్రం "పాపా" అనేవాడు.

ఊళ్లో ఆయన గురించి ఒక కథ ఉండేది. లారీ తోలే రోజుల్లో విపరీతంగా తాగేవాడని, ఒకరోజు పట్టుదల వచ్చి తోటలోని రేకుల కొట్టంలోకి పోయి గడియ వేసుకున్నాడని, అయిదో రోజు బయటికొచ్చి మళ్లీ చుక్క ముట్టలేదని. తాగే మగవాళ్లున్న ప్రతి ఇంట్లో ఈ కథ చెప్పేవాళ్లు. చెప్పినచోటల్లా మా మామ లేచి తోట వైపు వెళ్లిపోయేవాడు. వినయం అనుకునేదాన్ని.

నా సంగతి చెప్పాలి. ఏడేళ్ల కిందట ఒక ఉదయం, చిత్తూరు బస్సులో నిలబడి ఉన్నాను. ఉన్నట్టుండి ఊపిరి అందలేదు. వేళ్లు మొద్దుబారాయి. చనిపోతున్నాననిపించింది. ఆసుపత్రిలో గుండె పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నారు. వారం తిరక్కముందే మళ్లీ వచ్చింది. ఒక డాక్టరు చిన్న మాత్ర రాసి, పది రోజులు సగం సగం వేసుకోమన్నాడు. వేసుకున్న అరగంటకు లోకమంతా మెత్తబడింది. పదకొండో రోజు ఆ చీటీ పట్టుకుని మందుల షాపుకు నేనే వెళ్లాను. తర్వాత చీటీ కూడా అవసరం రాలేదు, వేరే వేరే షాపులు తెలిసిపోయాయి.

సగం ఒకటైంది, ఒకటి మూడయింది. ఒక పూట వేసుకోకపోతే చేతులు వణికేవి, చెమటలు పోసేవి. నా జబ్బు ముదిరిందనుకునేదాన్ని. మాత్ర కోసమే ఒళ్లు అలా అడుగుతోందని నాకు తెలియదు. తెలిసినా ఒప్పుకునేదాన్ని కాదేమో. తాగుబోతులు వేరు, నేను వేరు. నేను చదువుకున్నదాన్ని, మందు వేసుకుంటున్నాను. రెండేళ్లు అలా నాకు నేనే చెప్పుకున్నాను.

ఒక సాయంత్రం నా కూతుర్ని బడి నుంచి తీసుకురావాల్సింది నేను. స్టాఫ్ రూములో బల్ల మీద తల వాల్చాను. లేచేసరికి చీకటి పడుతోంది. పరుగెత్తుకెళ్తే, రెండో తరగతి పిల్ల, గేటు ఊచలు పట్టుకుని ఒక్కతే నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి చాలించిన ముఖం. "బస్సు లేటయిందమ్మా," అని అబద్ధం చెప్పాను. ఇంటికొచ్చి, ఆ బాధ తట్టుకోలేక ఇంకో మాత్ర వేసుకున్నాను.

ఆ వారంలోనే మా అత్త కందిపప్పు ఎండబెడదామని డబ్బా కుమ్మరించింది. అడుగునుంచి మాత్రల అట్టలు పడ్డాయి. పదకొండు. నేను బడినుంచి వచ్చేసరికి అవి అరుగు మీద వరసగా పరిచి ఉన్నాయి.

"ఏంది ఇయ్యన్నీ? ఏం జబ్బు నీకు? మాకు సెప్పకుండా ఏంటికి మింగతా ఉండావు?" అంది అత్త. ఆమె గొంతులో కోపం కంటే కంగారే ఎక్కువ.

మా ఆయన ఆ వేళకు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ డ్యూటీ దిగి వచ్చాడు. అట్టలు చూశాడు. పిల్ల గేటు దగ్గర నిలబడిన సంగతి అప్పుడే ఆయనకు అర్థమైంది. "రేపట్నుంచి ఒక్కటి ముట్టినావంటే సూడు," అన్నాడు. "మా నాయన ఒక్క దెబ్బకు మానినాడు. పదేండ్ల తాగుడు. నీకు ఈ మాత్రలు మానేకి చేతకాదా?"

మామ అరుగు చివర కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తున్నాడు. చేటను పక్కన పెట్టాడు.

"అబ్బయ్యా, ఆ కత ఇంక సెప్పొద్దు," అన్నాడు కొడుకుతో. "అది మగతనం గాదు. తెలివితక్కువతనం. కొట్టంలో మూడోనాడు నాకు మూర్ఛలొచ్చినాయి. నాలుక తెగింది. రక్తంలో పడుండినా. ఎట్ల బతికినానో నాకే తెలీదు. ఒక్కసారిగా నిలిపితే పానం మీదికొస్తాది. ఆ పాపకు ఆ మాట సెప్పొద్దు."

ఆయన మా అత్త వైపు తిరిగాడు.

"మే, నేను బ్రాందీ తాగింది సోకుకు గాదు. భయానికి."

"భయమా? నీకేం భయమయ్యా?" అంది అత్త.

"అదే నాకూ తెలీల్యా. మొగిలి ఘాట్లో ఒకనాడు లోడుతో దిగతా ఉండా. పట్టపగలు. ఏం జరగల్యా. ఎదురుగా బండి గూడా రాల్యా. గుండె గొంతులోకొచ్చింది, చేతులు స్టీరింగు మీద నిలవల్యా. పక్కకు నిలిపేసినా. ఎనకొచ్చిన డ్రైవరు రవ్వంత బ్రాందీ పోసినాడు. తాగితే పొయ్యింది. ఆ పొద్దు అది మందు మాదిరే పని చేసింది. ఆ పైన ఘాట్ వస్తాదంటే తాగల్ల, బండి తియ్యాలంటే తాగల్ల, పండ్లు తోముకోవాలన్నా తాగల్ల. తాగితే పొయ్యే భయం, తాగింది దిగితే రెండింతలై వచ్చేది."

"కంటిచూపు అన్నావు గదా," అంది అత్త చిన్నగా.

"అబద్ధం సెప్పినా. ఒకనాడు టమాట బాక్సుల మీద కూలికొచ్చిన ఆడోళ్లు ఏడుమంది కూసోనుండారు. వానలో ఘాట్ దిగినా. ఊళ్లోకి వచ్చినాక ఎట్ల దిగినానో గుర్తు రాల్యా. ఒక్క మలుపు గూడా గుర్తు లేదు. ఆ ఆడోళ్లు నవ్వుకుంటా దిగి పోతా ఉంటే సూసినా. ఆ పొద్దే ఓనరు చేతిలో తాళాలు పెట్టి, కన్ను కనపడల్యా, ఇంక తోలను అన్నా."

అత్త అట్టల మీద నుంచి చూపు మామ వైపు తిప్పింది. "ముప్పై ఏండ్లు. నాకు సెప్పింటే ఏమయ్యుండును?"

"నన్ను తక్కువగా సూస్తావని," అన్నాడు మామ. తర్వాత కొడుకుతో, "ఏడేండ్లోడివి, సీసా దొరికిందని తెచ్చి సూపిస్తే నిన్ను కొట్టినా. నీ తప్పేం లేదబ్బయ్యా," అన్నాడు.

మా ఆయన అరుగు మీద కూలబడ్డాడు. ఎప్పటి దెబ్బో ఇప్పుడు తగిలినట్టు చెంప మీద చెయ్యి పెట్టుకున్నాడు. ముప్పై ఏళ్లు కాపాడుకున్న గౌరవాన్ని మామ నా కోసం అందరి ముందూ తీసి ఇచ్చేశాడు. అప్పటివరకు నాకు ఏడుపు రాలేదు. అప్పుడొచ్చింది.

"పాపా, రేపు తిరపతికి పోదాం. డాక్టరు తావకి. అంతవరకు ఎన్ని వేసుకుంటా ఉండావో అన్నే ఏసుకో. ఎక్కువొద్దు, తక్కువొద్దు," అన్నాడు.

తిరుపతిలో మేం చూపించుకున్న డాక్టరమ్మ నన్ను ఎన్ని మాత్రలని అడగడానికి ముందు, మాత్రలు మొదలుపెట్టకముందు ఎలా ఉండేదని అడిగింది. చిన్నప్పుడు పరీక్షల ముందు కడుపునొప్పి, రోడ్డు దాటాలంటే చెమటలు, గ్యాసు కట్టేశానా లేదా అని నాలుగుసార్లు లేచి చూడడం, అన్నీ చెప్పాను. ఎవరూ అడగనివి. ఆందోళన కూడా జబ్బేనని, దానికి చికిత్స ఉందని, దాన్ని అలాగే వదిలి మాత్ర ఒక్కటే మానిపిస్తే మనిషి మళ్లీ మాత్ర దగ్గరికో సీసా దగ్గరికో పోతాడని, రెండింటికీ కలిపే వైద్యం చేయాలని చెప్పింది.

ఆమె చెప్పింది మా మామ తిరుగు బస్సులో తన భాషలో చెప్పాడు. "ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టుకోని దిగితే బ్రేకులు కాలిపోతాయి. చిన్న గేరులో దిగల్ల. నిదానంగా. నువ్వూ నేనూ బ్రేకు తొక్కినాం, అంతే."

ఆరోజే ఇంకొకటి జరిగింది. నా చీటీ రాస్తూ డాక్టరమ్మ తలెత్తి, "మీకిప్పుడు భయం లేదా పెద్దాయనా?" అంది.

"ఉండాది మేడం," అన్నాడు. "ఈ పొద్దు బస్సులో గూడా వచ్చింది."

నేను పక్క సీట్లోనే కూర్చుని వచ్చాను. నాకు తెలియలేదు. తలుపు పక్క సీటు ఎందుకో ఇన్నేళ్లకు అర్థమైంది. తాగుడు ఆపిన ముప్పై ఏళ్లూ ఆయన ఆ భయంతో ఒట్టి చేతులతో బతికాడు. ఊరంతా మెచ్చుకున్న ఆ అయిదు రోజుల కంటే, ఎవరికీ తెలియని ఈ ముప్పై ఏళ్లే నాకు గొప్పవి. అరవై ఎనిమిదేళ్ల వయసులో ఆయన కూడా తన పేరు మీద చీటీ రాయించుకున్నాడు. ఊపిరి నిదానంగా వదలడం, భయం వచ్చిన చోటు నుంచి పారిపోకుండా కాసేపు నిలబడడం, ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని నేర్చుకున్నాం.

మాత్ర తగ్గించడానికి పది నెలలు పట్టింది. డాక్టరమ్మ చెప్పిన ప్రకారం పావు ముక్క, తర్వాత అందులో సగం. మాత్రలు అత్త దగ్గర ఉండేవి. ఆమె ఏ రోజూ ఒక్క మాట అనకుండా నా అరచేతిలో పెట్టి నీళ్లు ఇచ్చేది. మా ఆయన పిల్లను బడినుంచి తెచ్చే పని తను తీసుకున్నాడు. అన్ని రోజులూ బాగా గడిచాయని చెప్పను. నిద్ర లేని రోజులున్నాయి. మామ మీద విసుక్కున్న రోజులూ ఉన్నాయి, ఎందుకంటే నేను పది నిమిషాలు ఆలస్యమైతే నాలుగుసార్లు ఫోన్ చేసేవాడు. అది ఆయన చివరిదాకా మానుకోలేకపోయాడు.

ఏడో నెలలో ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. చంద్రగిరి దగ్గర నాకు మళ్లీ వచ్చింది. ఏమీ చెప్పకుండా లేచి బస్సు దిగేశాను. ఆయన వెనకే దిగాడు. రోడ్డు పక్కన ఎండలో నిలబడి వణుకుతున్నాను.

"ఒక్కటి, ఒక్క మాత్ర కొనియ్యండి మామా," అన్నాను. అంత దీనంగా ఎవర్నీ ఏదీ అడగలేదు.

ఎదురుగానే మందుల షాపు ఉంది. ఆయన అటు చూశాడు. నన్ను చూశాడు. "భయపడొద్దు" అనలేదు. ఆ మాట ఆయన ఎప్పుడూ అనేవాడు కాదు.

"వచ్చిందా? భయమే గదా వచ్చింది? రానీ. వచ్చింది పోకుండా యాడ ఉంటాది? అది పొయ్యేదాకా మనం ఈడే ఉందాం."

రెండు బస్సులు పోయాయి. మూడో బస్సు వచ్చేసరికి నా ఊపిరి దారిలో పడింది. ఎక్కాక ఆయన తన కుడిచెయ్యి నా ముందు చాపి చూపించాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. "నువ్వు దిగింది మేలైంది పాపా. ఇంకో స్టాపు పోయింటే నేనే దిగుతాంటి," అన్నాడు. ఇద్దరం నవ్వాం. ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది.

ఆయన పోయిన రోజు అత్త, ఆయన తల పక్కన కూర్చుని, జుట్టు సర్దుతూ నాతో ఒక్కటే మాట అంది. "నిద్దట్లోనే పోయినాడు మే. భయపడల్యా." మీకు వినడానికి మామూలు మాటే. మా ఇంట్లో దానికి చాలా అర్థముంది.

ఆయన్ను తలుచుకుంటే నాకు ఎప్పుడూ ఒక ఉదయం కనిపిస్తుంది. నా చికిత్స పూర్తయిన నెలకు ఆయన నన్ను అలిపిరి నుంచి కొండకు నడిపించుకుపోయాడు. గాలిగోపురం ఇంకా పైనుంది. మోకాళ్లు నొప్పులంటూ ఒక మెట్టు మీద కూర్చున్నాడు. నేను నాలుగు మెట్లు పైకెక్కి వెనక్కి తిరిగి చూశాను. మా వెనక వస్తున్న ఎవరో ఆమె, నా ఈడుదే, హఠాత్తుగా ఆగిపోయింది. పిట్టగోడ పట్టుకుంది. ముఖం పాలిపోయింది. ఆమెతో వచ్చినవాళ్లు ఆయాసమనుకుని నీళ్ల కోసం హడావిడి పడుతున్నారు. మా మామ ఆమెను ఒక్కసారి చూశాడు. ఏమీ అడగలేదు. మెట్టు మీద తన చోటునుంచి కొంచెం పక్కకు జరిగి, తువ్వాలు తీసి పరిచి, "కూసోమ్మా, తొందరేం లేదు," అన్నాడు. ఆమె కూర్చుంది. జనం వాళ్ల పక్కనుంచి ఎక్కిపోతున్నారు. వాళ్లిద్దరూ కింద ఎండ పడుతున్న తిరుపతిని చూస్తూ కూర్చున్నారు.