రెండోసారి రాదన్నారు

వదినె పోయి నాలుగేళ్లు దాటింది. ఇప్పటికీ ఎవరైనా "ఒకసారి వచ్చిపోయింది కదా, ఇంకేం కాదు" అంటే నాకు ఒళ్లు మండుతుంది. కోపం ఆ మాట అన్నవాళ్ల మీద కాదు, దాన్ని నమ్మి గల్లీ అంతా ఊరేగిన నా మీద. కరోనా మీద కూడా కోపమే. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో అది నాకు నేర్పింది.

మొదటి ఏడాదే నాకు అది వచ్చింది. సూరత్‌లో పర్వత్ పాటియా దగ్గర అద్దె గదిలో ఆరు రోజులు జ్వరంతో పడి ఉన్నాను. వదినె గడప బయట పెట్టి వెళ్లిన మెంతికూర పప్పుకు వాసనా లేదు, రుచీ లేదు. ఏడో రోజు లేచాను. లేచిన దగ్గర నుంచి మా తెలుగు గల్లీలో నా హోదా మారిపోయింది.

మా కరీంనగర్ పల్లెల్లో ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో ఎవరికైనా అమ్మతల్లి పోస్తే, చిన్నప్పుడు ఒకసారి పోసినవాళ్లే లోపలికి వెళ్లి సేవ చేసేవాళ్లు. వచ్చిపోయిన ఒంటికి తల్లి మళ్లీ రాదని నమ్మకం. అమ్మతల్లి విషయంలో అది చాలావరకు నిజమే. పొట్ట చేత పట్టుకుని సూరత్ వచ్చిన మావాళ్లు బట్టలతో పాటు ఆ పద్ధతినీ మూటగట్టుకుని వచ్చారు. కరోనాకూ దాన్నే వాడారు.

"నీకేం భయ్, నువ్వు పక్కా అయినవ్. ఇగ నువ్వే జూసుకోవాలె అందర్ని" అన్నాడు గల్లీలో పెద్దమనిషి ఒకాయన. నేను పొంగిపోయాను. బట్టల మార్కెట్‌లో రోజంతా చీరల మడతల మధ్య బతికే నన్ను అంతకుముందు పట్టించుకున్నవాడెవడు?

రెండో ఏడాది ఎండాకాలంలో రోగం మళ్లీ విరుచుకుపడింది. ఇంటింటికీ తిరిగాను. జావ కాచి తాగించాను, మందులు తెచ్చాను, ఆటోల్లో ఎక్కించాను. మాస్కు ముక్కు మీద కంటే గదవ కిందే ఎక్కువసేపు ఉండేది. నాకు తుమ్ము కూడా రాలేదు. దాంతో నా నమ్మకం రాయిలా గట్టిపడింది.

అన్నకు మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. ఊరి చివర సచిన్ అనే పేటలో మగ్గాల కార్ఖానాలో పని. ఎక్కడెక్కడివాళ్లో కలిసి పనిచేసే చోటు. అందుకే రోగం పెరిగిన ప్రతిసారీ ఇంటికి రాకుండా కార్ఖానాలోనే పడుకునేవాడు. వదినెకు షుగర్, ఆయాసం. ఇది సోకితే తట్టుకోవడం కష్టమని డాక్టర్ ముందే చెప్పాడు. నేను పదహారేళ్లప్పుడు అన్న వెంట ఈ ఊరొస్తే, కడుపున పుట్టినవాడికి పెట్టినట్టు పెట్టింది ఆమె. ఆ ఇంట్లోకి ఆ రోజుల్లో వెళ్లగలిగేది నేనొక్కణ్ణే.

"నువ్వున్నవ్ గద, నాకేం రంది లేదు" అనేవాడు అన్న ఫోన్‌లో.

మొదటి టీకాకు వదినె మూడు రోజులు జ్వరపడింది. రెండోదానికి భయపడుతుంటే, బతిమాలి తీసుకెళ్లాల్సిన నేనే, "నేను దప్ప ఇంట్లకు ఎవలస్తరు వదినె? నాకు వచ్చిపాయె. ఇగ సూదెందుకు?" అన్నాను. చదువు లేకపోతే పోనీ, నోరైనా అదుపులో ఉండాలి కదా!

మూడోసారి అది ఊరి మీదికి సంక్రాంతి పతంగుల రోజుల్లో వచ్చింది. నాకు గొంతులో గరగర, కాస్త దగ్గు. చలి అనుకున్నాను, గోదాములో దుమ్ము అనుకున్నాను. కరోనా అని మాత్రం అనుకోలేదు. ఎప్పటిలాగే కూరగాయలు పట్టుకుని వదినె దగ్గరికి వెళ్లాను.

"ఏంది మరిదీ, గొంతు గిట్లయింది?"

"సలికి వదినె. నాకు మల్ల ఏమొస్తది?"

"అవు గదా" అని నవ్వి, అల్లం దంచి చాయ్ పెట్టింది. ఎదురెదురుగా కూర్చుని తాగాం.

నాలుగో రోజు ఆమెకు ఊపిరి అందలేదు. అన్న పరుగున వచ్చి ఆసుపత్రిలో చేర్చాడు. నేను ఎవరికీ చెప్పకుండా వెళ్లి ముక్కులో పుల్ల పెట్టించుకున్నాను. పాజిటివ్. రిపోర్టు ఇచ్చిన కుర్ర డాక్టర్ మీద విరుచుకుపడ్డాను. నాకు ఒకసారి వచ్చింది, మళ్లీ ఎలా వస్తుందని అరిచాను.

"వో వాలా నహీ హై, కాకా" అన్నాడాయన ఓపికగా. ఇది ఆ పాతది కాదట. ఈ పురుగుకు ఒంటి నిండా ముళ్లుంటాయి, వాటితోనే మన కణాలను పట్టుకుంటుంది. మొదటిసారి నా ఒళ్లు ఆ ముళ్లకు సరిపోయే కాపలాదార్లను తయారు చేసుకుంది. రెండో ఏడు వచ్చిన రకాన్ని వాళ్లు ఆపగలిగారు. ఈసారి ముళ్లు చాలా చోట్ల మారిపోయాయి, పాత కాపలా వాటికి సరిగా అంటుకోవడం లేదు. లోపల కొంత జ్ఞాపకం మిగిలింది కాబట్టి నేను దగ్గుతో బయటపడుతున్నాను. అది నాలోకి రావడాన్ని, నా నుంచి ఇంకొకరికి పోవడాన్ని మాత్రం ఆ జ్ఞాపకం ఆపలేకపోయింది.

నాకు నా మీదే ఉమ్మేయాలనిపించింది. మా మార్కెట్‌లో ఒక చీర బాగా అమ్ముడుపోతే, వారం తిరక్కుండా ఎదుటి దుకాణంలో అదే చీర అంచులో రెండు పువ్వులు మార్చుకుని వేలాడుతుంది. వాపసు వచ్చిన సరుకులో మాదేదో నకలేదో పట్టుకోవడమే ఇరవై ఏళ్లుగా నా ఉద్యోగం. అంచు మార్చి మోసం చేసేవాళ్ల మధ్య బతుకుతూ, రోగం మాత్రం మాట మీద నిలబడుతుందని నమ్మాను. నా ఒళ్లే నాకు ద్రోహం చేసింది. నేను వదినెకు చేశాను.

గదికి వచ్చి గడియ పెట్టుకున్నాను. రిపోర్టు సంగతి అన్నకు చెప్పాలని రెండు రోజులు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. చెప్పలేదు. మూడో రోజు పొద్దున అన్నే చేశాడు.

"జర జెల్ది రారా. ఒక్కరిని లోపలికి పోనిస్తున్నరు. నేను పోతనంటే మీ వదినె వద్దంటున్నది. 'నీకింకా రాలే, నువ్వు దగ్గరికి రాకు. మీ తమ్మున్ని తోలు, వానికి వచ్చిపాయె, వానికేం గాదు' అంటున్నది."

ఒళ్లో ఉన్న రిపోర్టును నాలుగు మడతలు పెట్టాను.

"ఇనవడ్తుందా? వస్తున్నవా?"

"వస్తున్న" అన్నాను. వెళ్లలేదు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

వదినె ఆ సాయంత్రం దాకా వార్డు తలుపు వైపే చూసిందట. "వస్తున్నడా?" అని రెండుసార్లు అడిగిందట. వస్తున్నాడని అన్న తలుపు దగ్గర నుంచే రెండుసార్లూ చెప్పాడట, నేను చెప్పిన మాటే. తెల్లారేసరికి ఆమె పోయింది.