గోడ వెంట చల్లటి పాదాలు

మా ముత్తాత నరసింగరావు నానక్‌రామ్‌గూడ దగ్గరి మా ఊరికి పటేల్. తాత రంగారావు అనుమతి లేనిదే చెరువు తూము ఎత్తేవారు కాదు. దయ్యాల మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేనూ ఏనాడూ నమ్మలేదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఇప్పుడు చుట్టూ అద్దాల టవర్లు. తాతల నాటి మా ఇంట్లో కింది అంతస్తు ఐటీ పిల్లల హాస్టల్‌కు కిరాయికిచ్చి, పైన నేనూ నా భార్య సులోచనా ఉండేవాళ్లం. నరాల జబ్బు వచ్చాక చల్లటి నేల మీద అడుగు పెడితే ఆమె కాళ్లు బిగుసుకుపోయేవి.

"ఈ చలికాలం గూడ గిట్లనే అయితే ఇల్లు బిల్డర్‌కు ఇచ్చేద్దాం. నాతోని కాదు" అంది.

ఇల్లు వదలలేక నేల కింద హీటింగ్ పెట్టించాను.

పనికి వచ్చిన శ్రీనివాస్ గోదావరి వైపు మనిషి, కూకట్‌పల్లిలో ఉంటాడు. టేకు దూలాల మీది పాత కప్పే మా గదికి నేల కాబట్టి, దాని మీద పరిచిన షాబాద్ బండలు తీసేస్తే బరువు తగ్గుతుందన్నాడు. మా తాత నడిచిన బండలు, ఒక్కటీ కదపనివ్వనన్నాను.

"మీ ఇష్టమండి. సిటీలో నేల కింద హీటర్ పెట్టించుకున్న జమీందారు గారు మీరొక్కరేనండి."

"జమీందారు కాదు, పటేల్" అన్నాను.

బండల మీదే పలుచని షీట్లు పరిచి, వేడెక్కే కరెంటు వైరు ఒకటే పొడవుగా మెలికలు తిప్పి, పైన టైల్స్ వేశాడు. సులోచన ఎన్నాళ్లకో చెప్పుల్లేకుండా గదంతా తిరిగింది.

ఒక పొద్దున పిలిచింది. "జర ఇటు రాండ్రి. గోడ పొంటి చెయ్యి పెట్టి చూడుండ్రి."

నేల వెచ్చగా ఉంది. మధ్యమధ్యలో పాదమంత మేర మాత్రం మంచులా తగిలింది.

శ్రీనివాస్ వేడిని చూపించే కెమెరా తెచ్చాడు. తెర మీద నేలంతా ఎర్రగా ఉంది. గోడ వెంట నీలంగా పాదాలు, జతలు జతలుగా, వరుసలో. వేళ్లన్నీ కిటికీ వైపే.

"ఎవరో తడికాళ్లతో నిలబడ్డారండి" అని నవ్వి గుడ్డతో తుడిచాడు. గుడ్డకు తడి అంటలేదు. తెర మీద పాదాలు పోలేదు. అతను మళ్లీ నవ్వలేదు. వైరు తెగితే గదంతా చల్లబడాలి తప్ప ఇలా కాదన్నాడు.

వాళ్లిద్దరికీ తెలియని సంగతి ఒకటుంది. తాత ఆ కిటికీ దగ్గరే కూర్చునేవారు. పని మీద వచ్చినవాళ్లు చెప్పులు కింద విడిచి, పిలుపు వచ్చేదాకా గోడ వెంట నిలబడేవారు. పిలవకుండా అడుగు ముందుకు వేయకూడదు. అది మా ఇంటి మర్యాద. ఇప్పుడు కిటికీ దగ్గర మా మంచం ఉంది. ఆ రాత్రి ఇదంతా సులోచనకు చెప్పాను.

మర్నాడు తెల్లవారి మంచం దిగబోయి సులోచన కేక వేసింది. నేను చేత్తో తడిమాను. గోడ వెంట అంతా వెచ్చగానే ఉంది. చల్లటి పాదాలు మా మంచం చుట్టూ ఉన్నాయి, కోళ్లను ఆనుకుని, జత వెనక జత. వేళ్లు మా వైపు.

"ఎవరిని పిలిచిండ్రు మీరు?" అని అడిగింది.

నేనెవరినీ పిలవలేదు.

స్విచ్ ఆపి ఆ పూటే మూసాపేటలో ఆమె అన్న ఇంటికి వెళ్లిపోయాం. శ్రీనివాస్ మా ఇంట్లో వదిలిన తన సామాను కోసం కూడా రాలేదు. అది ఏమిటో ఈనాటికీ నేను చెప్పలేను.

చలికాలం ముగియకముందే ఇల్లూ జాగా రెండూ బిల్డర్‌కు అమ్మాను.