చెల్లెలితో సమానం

ఆ ఆసుపత్రిలో ఒకరినొకరు బాగున్నారా అని అడగరు, బేసిక్ ఎంతకొచ్చింది అని అడుగుతారు. తప్పు పట్టకండి, వాళ్ళకు రెండూ ఒకటే. ప్రతి పోస్టుకూ ఒక స్కేలు, స్కేలుకు మెట్లు, ఏడాదికో మెట్టు. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో థియేటర్ అటెండరు కూడా నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అలాంటి చోట పదిహేనేళ్ళుగా అక్క ఒక మెట్టు కింద, చెల్లెలు ఒక మెట్టు పైన ఉన్నారంటే నలుగురి నోళ్ళలో నానక ఏమవుతుంది!

అక్క పిల్లల వార్డు హెడ్ నర్సు, చెల్లెలు సర్జికల్ వార్డు హెడ్ నర్సు. తల్లి పోయినప్పుడు అక్క చదువు మానేసి మూడేళ్ళు ఇల్లు చూసుకుంది. చెల్లెలు ఎదిగొచ్చాక ఆమెతోపాటే నర్సింగ్ స్కూల్లో కూర్చుంది. ఇద్దరూ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. మార్కులు ఎక్కువ కాబట్టి సీనియారిటీలో అక్క పేరు ముందు పడింది గానీ, జీతం మాత్రం ఇద్దరికీ ఒక్కటే. హెడ్ నర్సు ప్రమోషన్ కూడా ఒకే ఆర్డరులో వచ్చింది. తేడా వచ్చింది అక్కడే.

ప్రమోషన్ అందుకున్నవాళ్ళు నెలలోగా ఒక ముక్క రాసివ్వాలి. కొత్త జీతం ఇప్పటినుంచే లెక్కకట్టమంటారా, లేక పాత స్కేల్లో రాబోయే ఇంక్రిమెంట్ పడ్డాక కట్టమంటారా అని. దీన్నే ఆప్షన్ అంటారు. ఆగినవాళ్ళకు కొన్ని నెలలు కాస్త తక్కువ వస్తుంది, ఆ తర్వాత సర్వీసంతా ఒక మెట్టు ఎక్కువ. ఏమీ రాయనివాళ్ళకు ఆఫీసు వెంటనే కట్టేసి చేతులు దులుపుకుంటుంది.

సరిగ్గా ఆ నెలలోనే, లేకలేక కడుపుతో ఉన్న చెల్లెలు నెలలు నిండకముందే రక్తస్రావమై అదే ఆసుపత్రిలో పడింది. పగలు తన వార్డు, డ్యూటీ దిగితే చెల్లెలి మంచం, ఇదీ అక్క బతుకు. గడువు ఆఖరి రోజున చెల్లెలి ఆప్షన్ తనే రాసి, మగతలో ఉన్న ఆమె చేత సంతకం పెట్టించి, పరుగున వెళ్ళి ఆఫీసులో ఇచ్చి వచ్చింది. తనదీ ఒకటుందని తట్టనేలేదు. తట్టేసరికి గడువు దాటిపోయింది, పాప పుట్టింది. ఆ పిల్లను ఒళ్ళోకి తీసుకున్నాక ఈ సంగతి ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు.

చెల్లెలికేం తెలుసు! తన ఆప్షన్ తనే ఇచ్చిందనుకుంది. అందరి ముందూ అక్కను ఆటపట్టించేది, ఊరందరి జీతాలకూ సలహాలిస్తుంది, తన దగ్గరికొచ్చేసరికి బోర్లా పడింది అని. అక్క నవ్వేసేది. ఆ నవ్వులో బాధ లేదంటే నమ్మండి, నిజంగానే లేదు.

అయితే ఇప్పుడు నవ్వి ఊరుకునే రోజులు కావు. అక్క రిటైర్మెంట్ దగ్గరపడింది. ఆఖరి జీతాన్ని బట్టే పెన్షన్. పెళ్ళి మాటే తలపెట్టని మనిషి, ఆమెకు అదే ఆధారం. దిగిపోయేలోపు సరిచేయించుకోకపోతే ఆ మెట్టు ఇక జన్మలో రాదు. జూనియర్‌కు ఎక్కువ వస్తుంటే సీనియర్‌ను సమానం చేసే రూలొకటి ఉంది. దానికి అర్జీ పెట్టమని చెల్లెలు ప్రాణం తీసింది.

అక్క రాసింది. ఏమని? మా చెల్లెలికి ఎక్కువ వస్తున్నందుకు నాకు సంతోషమే, ఆమెకేమీ తగ్గించకుండా వీలైతే నన్ను సమానం చేయగలరు అని రాసింది మహాతల్లి. అర్జీ తిరిగొచ్చింది. మీ సంతోషం మాకక్కర్లేదు, చెల్లెలు అనకుండా నా జూనియర్ అని రాయండి అన్నారు. నా జూనియర్ అయిన మా చెల్లెలు అని రాసింది. మళ్ళీ తిరిగొచ్చింది. ఆ తర్వాత కలం ముట్టలేదు. ఆమె భయం ఆమెది. సమానం చేయమంటే పైనున్నవాళ్ళను కిందికి లాగి, ఇన్నేళ్ళదీ వెనక్కి కట్టమంటారని క్యాంటీన్లో ఎవరో అనగా విన్నది.

చెల్లెలికి చిర్రెత్తుకొచ్చింది. అక్క చెయ్యి పట్టుకుని అకౌంట్స్ ఆఫీసరు గదికి లాక్కెళ్ళింది.

ఆఫీసరు ముఖం చిటపటలాడుతూ ఉంటుంది గానీ మనిషి మంచివాడు. జూనియర్‌ జీతం రూలు ప్రకారమే కట్టారు, దాని జోలికి ఎవరూ రారని ముందే చెప్పేశాడు. అక్క గుండెల మీది బరువు దిగింది. ఆయన మాత్రం అక్కడితో ఆగలేదు.

"అప్పట్లో ఆప్షన్ ఎందుకివ్వలేదో కారణం చూపించాలమ్మా."

"మరిచిపోయాను సార్."

"అది కారణం కాదు. ఒంట్లో బాగాలేదా? సెలవులో ఉన్నారా?"

లేదని అక్క తలూపింది. ఆ నెలంతా డ్యూటీకి వచ్చానని తనే ఒప్పుకుంది. ఆఫీసరు నిట్టూర్చి, ఏ నెలా అని ప్రమోషన్ ఆర్డరు తేదీ పైకి చదివాడు.

చెల్లెలు ఆ తేదీ విన్నది. చావు అంచుల దాకా వెళ్ళొచ్చిన నెల ఏ ఆడదానికైనా గుర్తుండకపోదు. ఆ నెలంతా మంచం మీదే, తనకు కళ్ళు తెరిచిన జ్ఞాపకమే లేదు. మరి తన ఆప్షన్ ఎవరిచ్చారు? అక్క వైపు చూసింది. అక్క టేబుల్ మీది పేపర్‌వెయిట్‌ను తదేకంగా చూస్తోంది.

"రాసుకోండి సార్" అంది చెల్లెలు. "కారణం నేను."

జరిగిందంతా ఆమే చెప్పింది. ఆఫీసరు రాసుకున్నాడు. తన సిఫార్సు జోడించి ఈరోజే పైకి పంపుతానని, అక్క దిగేలోపు ఆర్డరు తెప్పించే పూచీ తనదని అన్నాడు.

వరండాలోకి వచ్చాక చెల్లెలు ఇక ఆపుకోలేకపోయింది. పోయే రోగులూ వచ్చే రోగులూ చూస్తుండగానే అక్క భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

"ఇద్దరికీ ఒకే ఆర్డరు కదక్కా. నాది రాసేటప్పుడైనా నీది గుర్తురాలేదా?"

అక్క ఆమె తల నిమిరింది.

"ఆ రోజు మనం ఇద్దరమన్న సంగతే గుర్తులేదే నాకు. నువ్వొక్కదానివే ఉన్నావు."