మోగడం మానేసిన కత్తి

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. మా ఆవిడ నా మాటల్లో సగం తీసేసి, మిగిలిన సగంలో తనకు నచ్చింది నమ్ముతుంది. మీరూ అలాగే చదువుకోండి.

దయ్యాల మీద మాత్రం నాకు ఏనాడూ నమ్మకం లేదు. మా కడప జిల్లాలో దయ్యం ఉందన్న ప్రతి చింతచెట్టూ ఎక్కి కాయలు దులిపినవాణ్ణి. ఏ దయ్యమూ నన్ను దిగమనలేదు. చెట్టు సొంతదార్లే దిగమన్నారు.

ఇది అరవైల చివర్లో, హైదరాబాదులో యూనివర్సిటీ హాస్టల్లో ఉండి ఎమ్మే చదివేటప్పటి సంగతి. నా గదిలో మల్లేశం ఉండేవాడు. నల్లగొండ వైపు కమ్మరింటి పిల్లవాడు. నాతోపాటే ఎకనామిక్సు. లాలాపేటలో వాళ్ళ మేనమామకు కొలిమి ఉండేది. ఆదివారం మేమంతా తార్నాక హోటల్లో చాయ్ తాగుతూ దేశాన్ని బాగుచేస్తుంటే, వాడు కొలిమి దగ్గర సమ్మెట ఆడించి, సాయంత్రానికి కనుబొమ్మలు మాడ్చుకుని వచ్చేవాడు.

ఒక ఆదివారం కత్తి తెచ్చాడు. లారీ కమాను పట్టీ కాల్చి, సాగగొట్టి, తనే చేసింది. మూరెడు పొడవని ఇప్పటిదాకా అందరికీ చెబుతూ వచ్చాను. జానెడే.

నేను చెయ్యి చాపాను. వాడు చేతికివ్వలేదు, నేలమీద పెట్టాడు.

"చేతికిస్తే జగడమైతది. ఇప్పటికే గీడ మీవోళ్ళకు మావోళ్ళకు పడ్తలేదు. మనకెందుకు? తీస్కో సీమోడా."

తీసుకున్నాను. క్యాంపస్‌లో ఆ గొడవ నిజంగానే ముదురుతూ ఉండేది. మా గదిలోకి మాత్రం రాలేదు. కత్తికి జడిసి రాలేదని నేననేవాణ్ణి. ఉల్లిపాయ కోయబోతే కత్తి తగలకముందే ఉల్లిపాయ రెండుగా విడిపోయి దండం పెట్టేదని కూడా అనేవాణ్ణి.

పదును కంటే దాని మోత గొప్పది. పొద్దున లేవగానే మల్లేశం దాన్ని పిడి కొసన రెండు వేళ్ళతో పట్టి వేలాడదీసి, గోటితో మీటేవాడు. సన్నగా, పొడుగ్గా మోగేది. తార్నాక చౌరస్తా దాకా వినపడేదని చాలామందికి చెప్పాను. పక్క గది దాకా వినపడేదన్నది నిజం. ఇనుములో ఎక్కడైనా పగులుంటే పగిలిన కుండలా 'టప్' మంటుందట. మోగితే లోపల అంతా బాగున్నట్టట. రోజూ ఆ మోత విన్నాకే వాడు పళ్ళు తోముకునేవాడు.

ఒక పొద్దున మీటాడు. 'టప్' మంది.

మళ్ళీ మీటాడు. అదే.

"ఏందిరా, దీని నోరు మూతపడ్డది."

"రాత్రి మెస్సు సాంబారు తాగింటాదిలేరా," అన్నాను.

నవ్వలేదు. కిటికీ దగ్గరికి తీసుకుపోయి అటూ ఇటూ తిప్పి చూశాడు. పగులు లేదు. వాడు కుంటుతున్నాడని అప్పుడు గమనించాను. కిందటి ఆదివారం కొలిమి దగ్గర తుప్పురేకు మడమలో దిగిందట. పసుపు అద్దుకున్నాడట.

"ఆసుపత్రికి పోగూడదా?" అన్నాను.

"గింత దానికా? ముందుగాల దీని సంగతి చూడనీ."

మర్నాడు మెస్సులో అన్నం నమలలేకపోయాడు. మెడ పట్టేసిందన్నాడు. సాయంత్రానికి వీపు కర్రలా బిగిసింది. రిక్షాలో ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు ముందు వాడి మొహం చూసి, తర్వాత మడమ చూసి, ధనుర్వాతం అన్నాడు.

ఆసుపత్రిలో వాణ్ణి ఉంచిన గదికి నల్లటి తెరలు కట్టారు. చెప్పులు బయటే. మాట్లాడకూడదు. వరండాలో ఎవరి పళ్ళెమైనా జారిపడితే చాలు, వాడి ఒళ్ళు విల్లులా వంగిపోయేది. ఇది పెంచి చెప్పడం లేదు. పెంచడానికి అందులో జాగా లేదు.

నేను హాస్టల్లో కూర్చుని కత్తిని మీటుతూనే ఉన్నాను. అది మోగితే వాడు బతుకుతాడని ఎందుకో మనసులో పడింది. పిడి విప్పి మీటాను. చెంచాతో కొట్టాను. మెస్సు వంటాయన దగ్గరి కత్తి తెచ్చి పక్కనే మీటితే అది బండగా ఉన్నా మోగింది. ఇంజినీరింగు కాలేజీ మిత్రుడొకడు ల్యాబులో భూతద్దం పెట్టి అంగుళం అంగుళం చూశాడు. ఎక్కడా గీత కూడా లేదన్నాడు. ఇనుప ముక్క చెక్క ముక్కలా ఎందుకు పలుకుతోందో వాడికీ అర్థం కాలేదు.

చప్పుడు వాడి ప్రాణానికి ముప్పని డాక్టరుకు తెలియకముందే, వాడు చేసిన ఇనుముకు తెలిసిందా? అలాంటి ఆలోచన వచ్చినందుకే నాకు భయం వేసింది.

చివరి రోజు మధ్యాహ్నం వాడి మంచం పక్కన కూర్చున్నాను. కళ్ళు తిప్పి నన్ను చూశాడు. "మోగిందారా?" అన్నాడు సన్నగా. చెవి దగ్గర వంగి, "మోగింది మల్లేశం, తార్నాక దాకా వినపడింది," అన్నాను. నవ్వాడు.

తెల్లారేసరికి లేడు.

ఆ కత్తి ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. మా ఆవిడ దానితోనే కూరలు తరుగుతుంది, పదును బాగుంటుంది. పిడి మార్పించాను, సాన పట్టించాను. మీటితే 'టప్' అంటుంది. కారణం నాకు తెలియదు. తెలుసన్నవాళ్ళు చెప్పిన కారణాలన్నీ పరీక్షించి చూశాను.

నేను కల్పించింది ఏదో చెప్పాలి కదా. కత్తి కాదు. దాని మోతా, ఆ మోత పోవడమూ కావు. వాడి ప్రశ్న. ధనుర్వాతంలో దవడలు బిగుసుకుపోతాయి. చివరి రోజు వాడి పళ్ళ మధ్య చెంచా కూడా దూరలేదు. నోరు మూతపడ్డవాడు ఏమడుగుతాడు? ఆ నవ్వూ నవ్వు కాదు. ఆ జబ్బులో మొహం అలా బిగుసుకుంటుందని డాక్టరు చెప్పాడు.

నేనన్న మాట మాత్రం అన్నాను. వాడు అడగకుండానే అన్నాను. విన్నాడో లేదో తెలియదు.