గోడ పక్క కుర్చీ

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. తాడేపల్లిగూడెం శివార్లలోని ఒక సీఫుడ్ కంపెనీలో నేను రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌ని. కొల్లేరు చేపలు, రొయ్యలు ఎక్కువ రోజులు నిలవ ఉండాలంటే గామా కిరణాలు ఎంత మోతాదులో పెట్టాలో తేల్చుకు రమ్మని మా సైంటిస్టు నస్రీన్‌ని యూరప్‌లోని ఒక ల్యాబ్‌కి పంపారు. ఏలూరులో తివాచీలు నేసేవారి అమ్మాయి. పనిలో పడితే అన్నం మాట మరిచిపోయే రకం.

రేడియేషన్ దగ్గర పనిచేసేవాళ్ళు ఛాతీకి టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకుంటారు. ఒంటికి ఎంత తగిలిందో అది పట్టి ఉంచుతుంది. దానితోపాటు కంట్రోల్ బ్యాడ్జి అని ఇంకొకటి పంపుతాం. దాన్ని ఎవరూ పెట్టుకోరు, రేడియేషన్ లేని చోట ఊరికే ఉంచాలి. లెక్క కట్టేటప్పుడు దీనికి తగిలినంతా మనిషి లెక్కలోంచి తీసేస్తారు.

రెండు బ్యాడ్జీలూ వెనక్కి తెప్పించి లెక్క కట్టిస్తే, నస్రీన్ రిపోర్టు సున్నా అని వచ్చింది. మా మేనేజరు రామారావు గారు మహా సంతోషపడ్డారు. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. రోజూ గామా మెషీన్‌లో ట్రేలు పెట్టి తీసే మనిషికి బొత్తిగా సున్నా ఏమిటి?

"సున్నా వచ్చినా గోలేనా శాస్త్రి గారూ?" అన్నారాయన.

నేనసలే అనుమానం పక్షిని. వెంటనే నస్రీన్‌కి వీడియో కాల్ చేశాను.

"కంట్రోల్ బ్యాడ్జి ఎక్కడ పెట్టావమ్మా?"

"నా బల్ల సొరుగులోనండీ. మెషీన్ గదిలో కాదు, గోడకి ఇవతల. భద్రంగానే ఉంచానండీ."

సర్వే మీటరు తెమ్మన్నాను. రేడియేషన్ ఉంటే టిక్కుటిక్కుమనే చేతి పరికరం అది. మెషీన్ తలుపు దగ్గర అడపాదడపా టిక్కుమంది. బల్ల దగ్గరికి తేగానే ఆగకుండా మోగింది.

"ఇదేంటండీ, మెషీన్ కంటే నా కుర్చీ దగ్గరే ఎక్కువుంది" అంది.

తరువాత తెలిసిందేమిటంటే, ఆ గోడలో కేబుళ్ళ కోసం తొలిచిన కన్నం ఎవరూ సరిగ్గా పూడ్చలేదు. కాగితాల మీద నస్రీన్ కూర్చునే గది స్టోర్‌రూము, మనుషులుండరు కాబట్టి అక్కడ కొలిచేవాళ్ళూ లేరు. బయటి దేశాలవాళ్ళకి చోటు చాలక అందులో బల్ల వేశారు. సొరుగులోని బ్యాడ్జి రాత్రింబవళ్ళూ అక్కడే ఉండి ఆమె బ్యాడ్జి కంటే ఎక్కువే పట్టింది. తీసివేస్తే సున్నా కాక ఏమొస్తుంది?

"బ్యాగు తీసుకుని బయటికి వచ్చెయ్యమ్మా, ఈ నిమిషమే."

"ఇంకొక్క బ్యాచ్ ఉందండీ. ఇప్పుడాపితే పనంతా మొదటికొస్తుంది. మేనేజరు గారేమంటారో."

"అంటే నన్నంటారు. నువ్వు లే."

రామారావు గారు అననే అన్నారు. "ల్యాబ్ వాళ్ళది, రూల్సు వాళ్ళవి. మధ్యలో మనమెందుకండీ?"

"అమ్మాయి మనదండీ" అన్నాను. టీ గ్లాసు కింద పెట్టేశాను. చివరికి ఆయనే టికెట్ బుక్ చెయ్యమన్నారు.

నస్రీన్ తిరిగి వచ్చాక రక్తం తీశారు. క్రోమోజోములు చూసి ఎంత రేడియేషన్ తగిలిందో చెప్పే పరీక్ష. ఫలితం వచ్చేదాకా నేను ఒక్కచోట కుదురుగా కూర్చోలేదు. "మా అమ్మాయికి ఏం కాదు కదండీ?" అని వాళ్ళ నాన్నగారు అడిగితే, నిజం తెలియక, అబద్ధం చెప్పడానికి నోరు రాక, రిపోర్టు రానివ్వండి అన్నాను. తగలాల్సినదానికంటే ఎక్కువే తగిలింది గానీ, భయపడాల్సినంత కాదని తేలింది.

నస్రీన్ ఆ రిపోర్టు చదివి పక్కన పెట్టింది. "ఆ కుర్చీలో ఇప్పుడెవరు కూర్చుంటున్నారండీ?"

"తగిన చర్యలు తీసుకున్నామని ల్యాబ్ వాళ్ళు మెయిల్ పెట్టారమ్మా" అన్నారు రామారావు గారు.

ఆమె తన ఫోన్ తీసి, ల్యాబ్‌లో ఆ బల్ల మీది ఫోన్ నంబరు నొక్కింది. అవతల ఎవరో అమ్మాయి ఎత్తింది. నస్రీన్ ఇంగ్లీషులో, "ముందు ఆ కుర్చీలోంచి లేవండి. నేనెవరో తరువాత చెబుతాను" అంది.

అప్పటినుంచి ఎవరిని విదేశం పంపినా వీసా కంటే ముందు ఒకటే అడుగుతాను. మనవాళ్ళని కూర్చోబెట్టేది ఎక్కడ, ఆ గోడకి అవతల ఏముంది? జవాబు వచ్చేదాకా సంతకం పెట్టను. రామారావు గారు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.