గోడవతలి పెద్దమ్మకు వార్తలు

పాలెం జనానికి ముఖ్య ప్రకటన: మా ఎర్రపుంజు ఇకమీదట ఏ వేళకైనా కూసుకోవచ్చు. తిట్టేవాళ్ళు లేరు. గోడవతలి పెద్దమ్మ మంగళవారం తెల్లారుజామున పోయింది.

నాకు రక్తసంబంధం ఏమీ లేదు. ఆమె ఇంటికీ నా ఇంటికీ మధ్య గోడ ఒకటే, అదే చుట్టరికం. ఐదో తరగతిలో బడి మానేసిన నాకు వార్తలు చదివే గొంతు ఉందని కనిపెట్టింది మాత్రం ఆమే.

కరోనా వచ్చిన ఎండాకాలం. వేటకు పోవద్దన్నారు. పడవలన్నీ ఇసుకలో పడుకున్నాయి. ఎప్పుడూ సముద్రం మీదే తెల్లారే మగవాళ్ళం, ఇంట్లో ఎలా తెల్లారుతుందో అప్పుడు చూశాం. మా ఆవిడ పొయ్యి రాజేస్తూ పాడుకుంటుందని ఇన్నేళ్ళకు తెలిసింది. నేను రొయ్యలు వలుస్తుంటే పెద్దమ్మ గోడ మీంచి తొంగిచూసి, నేను పారేసిన పొట్టులోనే కండ ఎక్కువుందని వీధంతా చాటింది. మామిడికాయ ముక్కలకు ఉప్పూకారం అద్ది గోడ మీద పెట్టి, నేను తీసుకునేదాకా దూరంగా నిలబడేది.

ఆమె ఒక్కగానొక్క కొడుకు మాత్రం చెన్నై రేవులో చిక్కుబడిపోయాడు. కూలికి అక్కడి బోటు ఎక్కినవాడు. బస్సులు లేవు. ఫోను ఒకరోజు కలిస్తే నాలుగు రోజులు కలిసేది కాదు.

మనిషి పడవ మీద ఉన్నన్నాళ్ళూ ఇంట్లో గిన్నె బోర్లించకూడదని పెద్దమ్మ పట్టింపు. గిన్నె బోర్లిస్తే అక్కడ పడవ బోల్తా పడుతుందట. ఆమె వంటింట్లో కడిగిన చెంబులు, తట్టలు, కుండలు అన్నీ నోళ్ళు తెరుచుకునే ఉండేవి. పడవ రేవులో కట్టేసే ఉంది కదా పెద్దమ్మా అని ఎగతాళి చేశాను.

"కట్టేసినా పడవ పడవే గదా అబ్బయా," అంది.

రానురాను అన్నం తినడం తగ్గించేసింది. అప్పుడు మొదలుపెట్టాను వార్తలు. ఇత్తడి చెంబు నోటికి అడ్డం పెట్టుకుని గోడెక్కేవాణ్ణి. చెన్నై రేవు నుంచి ఇప్పుడే అందిన సమాచారం: పెద్దమ్మ కొడుకు పొద్దున గంజి తాగి, ఉప్పు చాల్లేదని వంటవాణ్ణి అరవంలో తిట్టాడు. ఒక వార్త వినాలంటే ఒక ముద్ద తినాలి. అదీ ఒప్పందం.

"అన్నీ అబద్ధాలు చెప్తుండావు," అనేది నములుతూనే.

"అయితే ఆపేదా?"

"ఆపమన్నానా? రాత్రి యాడ పడుకున్నాడో చెప్పు."

చివరికి వాడు వచ్చాడు. చేపల లారీలో కావలి దాకా, అక్కణ్ణించి నడిచి. వీధి మొదట్లోనే ఆపేశారు. పెద్దమ్మ దూరం నుంచే వాణ్ణి చూసి లోపలికి పోయింది. కాసేపటికి గిన్నెలు ఒక్కొక్కటే బోర్లించిన చప్పుడు వినబడింది.

ఇందులో కల్పించినవేమిటో చెప్పేస్తాను. మా ఆవిడ పాడుకోదు, నన్ను తిట్టుకుంటుంది. ఇత్తడి చెంబు అన్నది ప్లాస్టిక్ మగ్గు. కొడుకు తిరిగి రావడం పూర్తిగా నా కల్పన. వాడు రాలేదు. రేవులోనే జ్వరం తగిలి, అక్కడి ఆసుపత్రిలో పోయాడు. దహనం కూడా వాళ్ళే చేశారు. మనవాళ్ళెవరూ మొహం చూడలేదు. పెద్దమ్మ గిన్నెలు బోర్లించలేదు.

నేను మగ్గు దాచేశాను. గోడ వైపు పోవాలంటే భయమేసేది. కర్మ అయిపోయిన కొన్నాళ్ళకు ఆమే గోడ దగ్గరికి వచ్చింది, చేతిలో అన్నం కంచంతో.

"ఇవాళ ఏం తిన్నాడు?" అంది.

చెప్పాను. అప్పటినుంచి మొన్నటిదాకా రోజూ చెప్పాను. ఆమె తెలిసే అడిగేది, నేను తెలిసే చెప్పేవాణ్ణి. ఈ ముక్క నిజం.

సోమవారం వార్త వంజరం పులుసు. రెండు ముక్కలు వేసుకున్నాడని చెప్పాను. ఆమె చేతిలో ముద్ద అలాగే ఉంది.

"ఇంకో ముక్క వేయమని చెప్పరా," అంది.